నాటకం, రాక్ కచేరీ చూసొచ్చిన తమ్ముడికి

తమ్ముడూ,

నువ్వు పంపిన రెండు వ్యాసాలూ చదివాను. నాటకం గురించి రాసేటప్పుడు చేతులు కట్టుకుని కూర్చున్నావు, రాక్ కచేరీకి వచ్చేసరికి రెచ్చిపోయావు. నాకు రెండోదే నచ్చింది. కానీ రెంటిలోనూ లోపం ఒకటే: ఆ రాత్రి అక్కడ ఏం జరిగిందో లేదు.

నార్వే రచయిత ఇబ్సెన్ రాసిన 'ఎ డాల్స్ హౌస్' కథంతా చెప్పుకొచ్చావు, ఎందుకు? 1879 నుంచి ఆడుతున్న నాటకం, చివర్లో కథానాయిక నోరా భర్తనీ పిల్లల్నీ వదిలి ఇంట్లోంచి వెళ్ళిపోతుందని హాల్లో చాలామందికి ముందే తెలుసు. తెలిసీ వచ్చారంటే ఈ నటి ఎలా వెళ్తుందో చూడ్డానికి వచ్చారు. తలుపు గట్టిగా వేసిందా, మామూలుగా మూసిందా? ఆ చప్పుడు తర్వాత చప్పట్లు వెంటనే మొదలయ్యాయా, జనం కాసేపు అలాగే ఉండిపోయారా? భర్తని చూస్తే నవ్వొచ్చిందా, జాలేసిందా? ఇబ్సెన్ రాసిన మాటల్లో రెంటికీ చోటుంది, ఏది అనేది నటుడి చేతిలో ఉంటుంది.

అసలు ఆ ముగింపు ఎంత గొడవ చేసిందంటే, జర్మనీలో నోరా వేషం వెయ్యాల్సిన నటి పిల్లల్ని వదిలిపోయేలా నటించనని మొండికేస్తే, ఇంకెవరో చెయ్యిపెట్టి పాడుచెయ్యడం కంటే నయమని ఇబ్సెన్ తనే వేరే ముగింపు రాసిచ్చాడు, అందులో నోరా ఆగిపోతుంది. తర్వాత ఆ ముగింపుని తనే తిట్టిపోశాడు. ఇదంతా వ్యాసంలో పెట్టమని కాదు. తెలిసుంటే మాత్రం, వెళ్ళేముందు ఆమె పిల్లల గది వైపు ఒక్కసారైనా చూసిందా అని నీ కన్ను దానంతటదే వెతుకుతుంది.

ఇక కచేరీ. పేరా పేరాకీ 'అదిరిపోయింది' అన్నావు, సరే, ఏది అదిరింది? బేస్ గిటార్ చెవికే కాదు, ఛాతీకీ కాళ్ళకింది నేలకీ తగులుతుంది. వేదికకి వంద మీటర్ల దూరంలో నిలబడితే, డ్రమ్ము మీద కర్ర పడ్డం కళ్ళకి కనిపించిన దాదాపు 0.3 సెకన్లకి గానీ దెబ్బ వినపడదు, చూసేదీ వినేదీ కలవవు. నువ్వు ఎక్కడ నిలబడ్డావో కూడా రాయలేదు! ఇంటికొచ్చాక చెవుల్లో హోరు తగ్గలేదని మురిసిపోతూ రాశావు, అది చెవులకి మంచిది కాదు నాయనా, ఈసారి ఇయర్‌ప్లగ్స్ పెట్టుకో.

రికార్డులో చిన్నగా ఉండే పాటని ఆ రాత్రి చాలాసేపు సాగదీశారని ఒక్క ముక్కలో రాసి వదిలేశావే, నువ్వు ఆగాల్సింది అక్కడే. గిటార్ సోలో పాటని వదిలి ఎక్కడికి పోయింది, మళ్ళీ ఎలా కలిసింది? గాయకుడు మైకు జనం వైపు తిప్పినప్పుడు అందరూ అందుకున్నారా, ఏదైనా లైను దగ్గర తడబడ్డారా? ఫోన్‌లో వీడియో తీస్తూ ఉండిపోతే ఇవి దొరకవు.

ముందు నాటకం మీద రాసింది తిరగరాసి పంపు. కథ చెప్పిన పేరాలు కొట్టేస్తే సగం కూడా మిగలదు, ఫరవాలేదు, మిగిలినంతే పంపు.