దొంగలు దొరక్కపోయినా బాధితులకు ప్రభుత్వ పరిహారం వస్తుందా?

మీ అమ్మగారి మెడలో గొలుసు లాగి కింద పడేశారనీ, తుంటి ఎముక విరిగిందనీ, దొంగలు దొరకలేదని కేసు మూసేస్తామంటున్నారనీ రాశారు. వచ్చినదాంట్లో ముప్పై శాతం ఇస్తే పరిహారం ఇప్పిస్తానని ఒకాయన అంటున్నాడని కూడా రాశారు.

పరిహారం అడిగే హక్కు మీకుంది. దానికి దొంగ దొరకనక్కర్లేదు, ఎవరికీ శిక్ష పడనక్కర్లేదు. ముందు ఆ ముప్పై శాతం మనిషిని దూరం పెట్టండి. 1987 నాటి న్యాయ సేవల చట్టం ప్రకారం ఆడవాళ్లకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం ఇవ్వాలి. దరఖాస్తు రాసిపెట్టడం కూడా అందులో భాగమే.

ఇదంతా నాకు మా పిన్ని వల్ల తెలిసింది. అంబర్‌పేటలో పొద్దున్నే పాలకి వెళ్తుంటే బైక్ మీద వచ్చినవాళ్లు పుస్తెలతాడు పట్టుకుని లాగారు. తాడు తెగలేదు, మనిషిని ఈడ్చుకుపోయారు. భుజం ఎముక విరిగి ఆపరేషన్ చేయాల్సి వచ్చింది. బిల్లు కట్టడానికి బాబాయి చిట్టీ పాడాడు. పోలీసులు బంగారం ఎన్ని తులాలో రాసుకున్నారు గానీ పరిహారం గురించి మాకెవరూ చెప్పలేదు. తర్వాత కోర్టులో పనిచేసే తెలిసినావిడ చెబితే గానీ అలాంటిది ఒకటుందని తెలియలేదు.

పాత సీఆర్‌పీసీకి, అంటే నేర విచారణ పద్ధతి చట్టానికి, 2008లో చేసిన సవరణతో బాధితుల పరిహారం గురించిన 357ఎ సెక్షన్ వచ్చింది. 2024 జూలై 1 నుంచి అదే విషయం దాని స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 396వ సెక్షన్‌గా ఉంది. నేరస్తుడు ఎవరో తెలియక విచారణ జరగకపోయినా బాధితులు నేరుగా ఉచిత న్యాయ సహాయం చూసే న్యాయ సేవాధికార సంస్థకు దరఖాస్తు పెట్టుకోవచ్చని అందులో స్పష్టంగా రాసి ఉంది. సంస్థ రెండు నెలల్లో విచారణ పూర్తి చేయాలి. మీది ఏ ఆఫీసు కిందికి వస్తుందో న్యాయ సహాయ హెల్ప్‌లైన్ 15100కి ఫోన్ చేస్తే చెబుతారు. తెలంగాణ రాష్ట్ర సంస్థ హైదరాబాద్ పురానీ హవేలీలోని న్యాయ సేవా సదన్‌లో ఉంది, అక్కడికి వెళ్లి అడిగినా దారి చూపిస్తారు.

మహిళా బాధితులకైతే సుప్రీంకోర్టు ఆమోదంతో 2018 అక్టోబర్ 2 నుంచి అమల్లోకి వచ్చిన నల్సా (జాతీయ న్యాయ సేవాధికార సంస్థ) పథకం ఉంది. అందులో ప్రాణం పోతే 5 నుంచి 10 లక్షలు, తీవ్ర గాయానికి 1 నుంచి 2 లక్షలు, శాశ్వత వైకల్యం మిగిలితే శాతాన్ని బట్టి 5 లక్షల దాకా ఉంది. అందుకే మీ అమ్మగారికి నడక పూర్తిగా రాకపోతే వైకల్య ధృవపత్రం తప్పకుండా తీసుకోండి. ఎఫ్‌ఐఆర్ కాపీ ఫిర్యాదు చేసినవాళ్లకు ఉచితంగా ఇవ్వాలి. ఆస్పత్రిలో మెడికో లీగల్ కేసుగా నమోదైన కాగితం, డిశ్చార్జ్ సమ్మరీ, బిల్లులు కూడా జతచేయండి. నేరం జరిగిన మూడేళ్లలోపు దరఖాస్తు పడాలి.

ఒక్కటి మాత్రం ముందే తెలుసుకోండి, లేకపోతే మాలాగే టెన్షన్ పడతారు. ఈ పథకంలో మంజూరైన మొత్తంలో 75 శాతం కనీసం మూడేళ్లు ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో ఉంటుంది, చేతికి వచ్చేది 25 శాతమే. బాధితురాలి డబ్బు ఇంట్లోవాళ్లు వాడేసుకోకుండా ఆ నియమం పెట్టి ఉంటారు, ఉద్దేశం మంచిదే. కానీ వడ్డీకి తెచ్చి ఆపరేషన్ చేయించిన ఇంటికి అది చాలదు. అందుకే దరఖాస్తులోనే మధ్యంతర పరిహారం, అంటే తుది ఆర్డర్‌కి ముందే కొంత డబ్బు, కావాలని విడిగా రాయండి, అప్పు వివరాలు పెట్టండి. అడగకుండా ఇస్తారని ఎదురుచూడకండి.

ఆర్డర్ వచ్చాక కూడా ఓపిక కావాలి. ఎంత ఇవ్వాలో తేల్చేది న్యాయ సేవాధికార సంస్థ, నిధి సమకూర్చాల్సింది రాష్ట్ర ప్రభుత్వం. నిధిలో డబ్బు లేకపోతే ఆర్డర్ కాగితంగానే ఉంటుంది. కేంద్రం మహిళల భద్రత కోసం పెట్టిన నిర్భయ నిధి నుంచి ఒకసారి 200 కోట్లతో కేంద్ర బాధితుల పరిహార నిధి పెట్టింది గానీ అది రాష్ట్రాల సొంత కేటాయింపుకు తోడుగా ఇచ్చిందే. ఏటా బడ్జెట్‌లో రోడ్లకీ ఫ్లైఓవర్లకీ ఎంత పెట్టారో అందరం చూస్తాం, ఈ పద్దు ఎవరూ చూడరు. చూడాలని నాకు గట్టిగా అనిపిస్తుంది.

డబ్బు కంటే పిన్నికి ఎక్కువ పనికొచ్చింది మాట్లాడే మనిషి. వెనక నుంచి బైక్ శబ్దం వినిపిస్తే గోడకి ఆనుకుని నిలబడిపోయేది, నెలల తరబడి ఒంటరిగా గుమ్మం దాటలేదు. మహిళా హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేస్తే, హింసకు గురైన ఆడవాళ్లకు సాయం చేసే సఖి కేంద్రానికి వెళ్లమన్నారు. ఇంట్లోనే కాదు, వీధిలో హింసకు గురైన ఆడవాళ్లకు కూడా అక్కడ సాయం చేస్తారు. కౌన్సెలర్ ముందు కూర్చుని మొదటిసారి జరిగింది మొత్తం చెప్పుకుంది. మా అందరికీ "పోనీలే పిన్నీ, ప్రాణం దక్కింది" అనడమే తెలుసు. సఖి కేంద్రాలు 2015 నుంచి నిర్భయ నిధితో నడుస్తున్నాయి, సిబ్బందిని ఒప్పంద పద్ధతిలో తీసుకుంటారు. ఒక మనిషిని నమ్మి మనసు విప్పిన బాధితురాలికి మళ్లీ వెళ్లినప్పుడు ఆ మనిషే కనిపించాలి. ప్రభుత్వ డబ్బు ముందు ఇలాంటి ఉద్యోగాలను నిలబెట్టడానికి ఖర్చు కావాలని నా అభిప్రాయం.

మీ అమ్మగారిని ఈ వారంలోనే 181కి మాట్లాడించండి, దరఖాస్తు పని దాంతోపాటే నడుస్తుంది. కేసు మూసేస్తున్నట్టు పోలీసులిచ్చే నోటీసు పారేయకండి. నిందితులు దొరకలేదనడానికి అదే మీ రుజువు, దరఖాస్తుకి జతచేయండి.