గురుపట్టాభిషేకమా? యాజకాభిషేకమా?

ప్రశ్న: మా పక్కింటి అబ్బాయి కాజీపేట ఫాతిమా కెథడ్రల్‌లో ఫాదర్ కాబోతున్నాడు. ఆహ్వానపత్రంలో ‘గురుపట్టాభిషేక మహోత్సవం’ అని వేశారు. గురువంటే చదువు చెప్పేవాడు, పట్టాభిషేకం రాజులకు చేసేది కదా! బైబిలులో ‘యాజకుడు’ ఉండగా ఈ మాట ఎందుకు? పూజారి, పురోహితుడు అనవచ్చా?
– ఒక పాఠకురాలు, హనుమకొండ

సమాధానం: ఆహ్వానపత్రంలోని మాట సరైనదే. అయితే మీ సందేహం చాలా లోతైనది.

ఇంగ్లిషులోని ‘ప్రీస్ట్’లో రెండు వేర్వేరు బాధ్యతలు కలిసిపోయాయి. ఒకరు బలి అర్పించేవారు; హీబ్రూలో కోహెన్, గ్రీకులో హియెరెయుస్. మరొకరు సంఘంలో పెద్ద, గ్రీకులో ప్రెస్బుతెరోస్. ‘ప్రీస్ట్’ పుట్టింది ఈ రెండో మాట నుంచి. కాని కాలక్రమంలో మొదటి అర్థం కూడా అందులో చేరింది. మన బైబిలు అనువాదకులు ఈ గందరగోళం రానివ్వలేదు. మొదటివారిని యాజకులు అన్నారు, రెండోవారిని పెద్దలు అన్నారు. ‘యజ్’ ధాతువు నుంచి వచ్చిన యాజకుడు ఇతరుల కోసం యాగం జరిపించేవాడు; చేయించుకునేవాడు యజమానుడు. ప్రజల పక్షాన బలిపీఠం ముందు నిలిచిన అహరోను (మోషే అన్న, మొదటి ప్రధానయాజకుడు) సంతతికి ఇంతకంటే తగిన మాట తెలుగులో దొరకదు.

వారి జాగ్రత్తకు ఇంకో ఉదాహరణ ఉంది. అపొస్తలుల కార్యములు 14వ అధ్యాయంలో, లుస్త్ర పట్టణంలో పౌలు, బర్నబాలను దేవతలనుకొని ఒకడు ఎడ్లను, పూదండలను తీసుకొస్తాడు. గ్రీకులో అతనికీ హియెరెయుస్ అన్న మాటే ఉంది. తెలుగులో మాత్రం ‘ద్యుపతి (గ్రీకు దేవుడు జ్యూస్) యొక్క పూజారి’ అన్నారు. పూజారి అనగానే మనకు గుడి, అక్కడి దేవత గుర్తుకొస్తాయి. మేడారంలో ఉన్నది పూజారులే, కొమురవెల్లిలో ఉన్నదీ పూజారులే. కథోలికులు ‘దివ్యబలిపూజ’ అంటారు, ‘పూజకు వెళ్లాం’ అంటారు. అయినా ఆ పూజ జరిపేవారిని పూజారి అనరు. ఇది వాడుక తేల్చిన విషయం, వ్యాకరణంతో పనిలేదు.

మరి ఫాదర్‌ను యాజకుడని ఎందుకు పిలవరు? కొత్త నిబంధనలో ఏ సంఘనాయకుణ్నీ విడిగా ఆ పేరుతో పిలవలేదు. హెబ్రీయులకు రాసిన పత్రికలో మెల్కీసెదెకు (అబ్రాహాము కాలపు రాజు, యాజకుడు) క్రమానికి చెందిన ప్రధానయాజకుడు క్రీస్తే. పేతురు మొదటి పత్రికలో విశ్వాసులందరూ కలిసి యాజకసమూహం. సంఘాలను నడిపినవారు పెద్దలు, అధ్యక్షులు, పరిచారకులు. రొట్టె, ద్రాక్షారసాల అర్పణను బలిగా చూసే భావన బలపడుతూ వచ్చి, 3వ శతాబ్దంలో ఉత్తర ఆఫ్రికాలోని కార్తేజి బిషప్పు సిప్రియన్ రచనల్లో బిషప్పుకు యాజకుడన్న అర్థమిచ్చే లాటిన్ పేరు కనిపిస్తుంది. కథోలికులు ఆ భావాన్ని నిలుపుకొన్నారు; తెలుగులో పిలిచే పేరు మాత్రం గురువు అయింది. విశ్వాసులందరూ యాజకులేనని నమ్మే బాప్టిస్టు సంఘాలవారు పాస్టరు అనో, సంఘకాపరి అనో అంటారు.

ఇక గురువు. బడిలో పాఠం చెప్పేవారికే ఈ మాటను పరిమితం చేయడం ఇటీవలి అలవాటు. మన సంప్రదాయంలో గురువు దీక్ష ఇచ్చేవాడు. గురువు, లింగం, జంగమం అని వీరశైవులు గురువునే ముందు చెబుతారు. ఓరుగల్లు సీమకు ఆ మతం కొత్తది కాదు. 17వ శతాబ్దంలో మధురైలో ఇటలీ నుంచి వచ్చిన జెస్విట్ ఫాదర్ రాబర్టో డి నొబిలి సన్యాసిలా జీవిస్తూ క్రైస్తవాన్ని బోధించినప్పుడు జనానికి అర్థమైన రూపం కూడా గురువుదే. జ్ఞానస్నానం (బాప్తిస్మం) ఇచ్చి, బోధించి, బలిపూజ జరిపే వ్యక్తికి ఆ పేరు చక్కగా అమరింది.

నాకు ఎంతో ఇష్టమైన భాగం ‘పట్టాభిషేకం’. పట్టం అంటే నుదుట కట్టేది, అభిషేకం అంటే తలపై పోసేది. లేవీయకాండం 8వ అధ్యాయం తెరిచి చూడండి. మోషే అహరోను తలకు పాగా పెట్టి, నొసట బంగారు రేకు కట్టి, ఆ తర్వాత తలపై అభిషేకతైలం పోస్తాడు. పట్టమూ ఉంది, అభిషేకమూ ఉంది! నేటి కథోలిక సంస్కారంలో కొత్త గురువు అరచేతులకు బిషప్పు పవిత్ర తైలం పూస్తారు. కాబట్టి ఈ మాట రాజుల నుంచి ఎరువు తెచ్చుకున్నట్టు కనిపించినా, బైబిలులోని యాజకుడికి అచ్చంగా సరిపోతుంది.

దోర్నకల్‌లో 1939లో ప్రతిష్ఠించిన కెథడ్రల్ కట్టడంలో గుడి పోకడా మసీదు పోకడా కలిసి కనిపిస్తాయి. 1969లో రోము అనుమతితో భారతీయ కథోలికుల ఆరాధనలోకి హారతి, నూనెదీపం, అంగవస్త్రం వచ్చాయి. భాషలో మన సంప్రదాయం, క్రైస్తవం ఇలా కలవడం అంతకంటే చాలా ముందే జరిగింది.

పురోహితుడు అంటే ‘ముందు ఉంచబడినవాడు’. మలయాళంలో, హిందీలో క్రైస్తవులు ఈ మాటను వాడుతున్నారు గనుక అర్థరీత్యా అభ్యంతరం లేదు. తెలుగులో మాత్రం అది పెళ్లి ముహూర్తాలతో, ఇంటి శుభాశుభ కార్యాలతో ముడిపడిపోయింది. వాడకపోవడమే మంచిది. కథోలికుల గురించి రాస్తే గురువు లేదా ఫాదర్ అనండి. ఒక విచారణ (పారిష్, అంటే ఒక చర్చి పరిధిలోని ప్రాంతం) బాధ్యతలు చూసేవారిని, ఒక్కరే అయినా, గౌరవ బహువచనంతో ‘విచారణ గురువులు’ అంటారు. యూదుల దేవాలయం ప్రసక్తి వచ్చినప్పుడు యాజకుడు అనండి.

ఆహ్వానపత్రంలో ఒకటి సరిచూడండి. గురుపట్టాభిషేకం ఒకే సమాసం. ‘గురువు పట్టాభిషేకం’ అని గాని, మధ్యలో ఖాళీ వదిలి గాని అచ్చువేస్తే తప్పు.