ఉప్పునీటి తొట్టి: మేత తూకం, నీటి లెక్క

ఈసారి ఎంచుకున్న ఉత్తరాలన్నీ ఇంట్లో సముద్రపు చేపల తొట్టి పెట్టుకున్న ఒడిశా సరిహద్దు జిల్లాల తెలుగువాళ్లవి. ప్రశ్నలు వేరైనా చాలావాటి మూలం ఒకటే. తొట్టిలో రోజుకు ఎన్ని గ్రాముల మేత పడుతోందో ఎవరూ తూచలేదు.

ప్రశ్న: మాది 200 లీటర్ల తొట్టి. రెండు క్లౌన్ చేపలు, మూడు గ్రీన్ క్రోమిస్‌లు, ఒక చిన్న బ్లూ టాంగ్ ఉన్నాయి. విజయనగరంలో పెళ్లికి తొమ్మిది రోజులు వెళ్లాలని డ్రమ్ము తిరిగే ఆటో ఫీడర్ కొన్నాం. రెండు వారాలుగా పెట్టి చూస్తుంటే ఒకరోజు ఏమీ పడదు, మర్నాడు కుప్పగా పడుతుంది. నీటిలో నైట్రేట్ 40 పీపీఎంకు (లీటరుకు మిల్లీగ్రాములు) చేరింది. దీన్ని నమ్మి వెళ్లొచ్చా?
— ఒక పాఠకుడు, బరంపురం

జవాబు: ఇప్పుడున్న స్థితిలో వద్దు. తప్పు మిషనుది కాదు, చెమ్మది. తొట్టి మీంచి లేచే ఆవిరి డ్రమ్ము నోట్లోకి చేరి గుళికల్ని ముద్ద చేస్తుంది. ముద్ద నోటికి అడ్డుపడితే ఆ రోజు మేత లేదు. మర్నాడు అది విడిపోగానే రెండు రోజులది ఒక్కసారే రాలుతుంది. మీ ఊళ్లో వానాకాలమైతే గదిలో గాలే తడిగా ఉంటుంది. ఎయిర్ పంపు గొట్టాన్ని డ్రమ్ము నోటి దగ్గర పెట్టి గాలి ఊదించమని చెబుతుంటారు. అది తొట్టి ఆవిరిని పక్కకు నెడుతుంది కానీ, ముసురు రోజుల్లో ఊదేది తడిగాలే కాబట్టి దాని మీదే భరోసా పెట్టుకోవద్దు. ఫీడర్‌ను నీటికి కనీసం 15 సెంటీమీటర్ల ఎత్తున, తొట్టి అంచుకు పెట్టండి. ఫ్లేక్స్ వద్దు, 1 మిల్లీమీటరు గుళికలే వాడండి. డ్రమ్ములో పది రోజుల మేతకు మించి పోయొద్దు. మేత కిందికి జారాలని కొందరు సన్నటి పొడవాటి పీవీసీ గొట్టం తగిలిస్తారు. ఆవిరంతా అందులోకే ఎక్కుతుంది, గుళికలు గోడకు అంటుకుని అక్కడే బూజు పడతాయి.

ఇక తూకం. డ్రమ్ము కింద కాగితం పరిచి, చేత్తో నొక్కి తిప్పే బటన్‌ను పదిసార్లు నొక్కండి. ప్రతిసారీ పడ్డదాన్ని 0.01 గ్రాము దాకా చూపే చిన్న నగల త్రాసు మీద విడివిడిగా తూచి రాసుకోండి. అన్నిటికంటే ఎక్కువ పడ్డది, తక్కువ పడ్డదానికి రెట్టింపు దాటితే నోటి పలకను ఇంకా మూసి మళ్లీ తూచండి. డ్రమ్ము నిండుగా ఉన్నప్పుడు ఒక లెక్క, పావు వంతుకు దిగాక ఇంకో లెక్క పడుతుంది. అందుకే సగం నింపి ఒకసారి, పావు నింపి ఒకసారి తూచాలి. చాలామంది నిండు డ్రమ్ముతో ఒక్కసారి చూసి సరిపెట్టుకుంటారు, తేడా వచ్చేది అక్కడే.

మీ ఆరు చేపలకు రోజుకు అర గ్రాము పొడిమేత చాలు, అదీ రెండు విడతలుగా. అర గ్రామంటే ఏం పెడతామని అనిపిస్తుంది. లెక్క చూడండి. 45 శాతం ప్రోటీన్ ఉన్న గుళికల్లో, గ్రాముకు సుమారు 72 మిల్లీగ్రాముల నత్రజని ఉంటుంది. అదంతా నైట్రేట్‌గా మారితే దాదాపు 320 మిల్లీగ్రాములు. ఫాస్ఫరస్ 1 శాతం అనుకుంటే ఫాస్ఫేట్ 30 మిల్లీగ్రాములు. అంటే వంద లీటర్ల నీటిలో ఒక గ్రాము మేత పడితే నైట్రేట్ 3.2, ఫాస్ఫేట్ 0.3 పీపీఎం దాకా పెరగగలదు. రాళ్లు, ఇసుక పోను మీ తొట్టిలో అసలు నీరు 170 లీటర్లు అనుకుందాం. అర గ్రాముకే రోజుకు నైట్రేట్ 0.9, ఫాస్ఫేట్ 0.09 వచ్చి చేరుతుంది. స్కిమ్మర్ (మలినాలను నురగగా బయటికి తీసే పరికరం), బ్యాక్టీరియా, నాచు కలిసి ఇందులో కొంత తీసేస్తాయి, మిగిలింది పేరుకుంటుంది. మీ 40 ఎక్కణ్ణుంచి వచ్చిందో ఇప్పుడు మీకే తెలుస్తుంది.

మేత పడే చోట తేలే రింగు పెట్టండి. కొనక్కర్లేదు, ఎయిర్ ట్యూబు ముక్క రెండు కొసలూ జాయింటుతో కలిపితే అదే తేలుతుంది. రింగు లేకపోతే తేలే గుళికలు నేరుగా ఓవర్‌ఫ్లోలోకి (నీరు పొర్లి కిందికి దిగే దారి) పోయి, సంప్‌లోని (కింద ఉండే ఫిల్టరు తొట్టి) ఫిల్టర్ సంచిలో కుళ్లుతాయి. మేత వేళ, సంప్ నీటిని తిరిగి పైకి పంపే రిటర్న్ పంపును పది నిమిషాలు ఆపే టైమరు కూడా పెడితే మంచిదే. అయితే గుండ్రటి డయలున్న చవక టైమరు మాత్రం కొనొద్దు. కరెంటు పోయినంతసేపూ దాని గడియారం ఆగిపోతుంది. రోజుకు రెండు గంటల కోత అనుకుంటే తొమ్మిది రోజుల్లో 18 గంటలు వెనకబడుతుంది. ఫీడరేమో బ్యాటరీతో సరైన వేళకే మేత వేస్తుంది, పంపు ఇంకెప్పుడో ఆగుతుంది. లోపల బ్యాటరీ ఉన్న డిజిటల్ టైమరు తీసుకోండి. ఆగిన పంపు మళ్లీ తిరుగుతోందో లేదో వెళ్లే ముందు పదిసార్లు పరీక్షించండి. పాత పంపులు కొన్ని ఆగితే మళ్లీ లేవవు. పంపు ఆగినప్పుడు వెనక్కి దిగే నీరు సంప్‌లో పొర్లకుండా పట్టాలి, అదీ చూసుకోండి.

బ్యాటరీ ఫీడరుతో ఇంకో చిక్కుంది. కరెంటు లేక పంపులన్నీ ఆగినా అది మేత వేస్తూనే ఉంటుంది. 2013లో ఫైలిన్, 2018లో తిత్లీ, రెండూ అక్టోబరులోనే మీ జిల్లాల మీద పడ్డాయి. రోజుల తరబడి కరెంటు లేదు. తుపాను హెచ్చరిక ఉండగా ఊరెళ్తే ఫీడరు ఆపేసి వెళ్లండి. ఎదిగిన ఆరోగ్యమైన చేపలు మూడు నాలుగు రోజులు మేత లేకపోయినా తట్టుకుంటాయి. కదలని నీటిలో ఊపిరాడక ఒక్క రాత్రిలో పోతాయి. చిన్న ఎయిర్ పంపుకు నాలుగైదు వాట్లే కాబట్టి దాన్ని ఇంటి ఇన్వర్టరు లైనులో పెట్టండి. పక్కింటివాళ్లకు తాళం ఇస్తే, రోజుకొకటి చొప్పున మేత తూచి కట్టిన పొట్లాలు మాత్రమే ఇచ్చి, డబ్బా దాచేయండి. చేపలు ఆకలిగా చూస్తున్నాయని జాలిపడి ఇంకో చిటికెడు వేయని వాళ్లు అరుదు.

ఒక మాట అడక్కుండానే చెబుతున్నాం. ఆ బ్లూ టాంగ్ ఎదిగితే 25 సెంటీమీటర్లు దాటుతుంది. దానికి 200 లీటర్లు చాలవు.

ప్రశ్న: వారంవారం 10 శాతం నీరు మారుస్తున్నాను. అయినా మార్చే ముందు ఎప్పుడు చూసినా నైట్రేట్ 35, ఫాస్ఫేట్ 0.3. స్కిమ్మర్ ఉంది. వోడ్కా పోస్తే తగ్గుతుందంటున్నారు. మా ఇంట్లో అది కుదరదు. వేరే దారి ఉందా?
— ఒక పాఠకురాలు, పర్లాకిమిడి

జవాబు: ఉందండీ, వెనిగర్ ఉంది. వోడ్కా లాగే అదీ బ్యాక్టీరియాకు మేత. కానీ ముందు నీటి మార్పు లెక్క చూద్దాం. 35లో 10 శాతం అంటే 3.5. వారంలో మీరు తీసేదీ మేత ద్వారా చేరేదీ సమానమై 35 దగ్గర తూగుతోంది. మేత సగానికి తగ్గిస్తే తూగే అంకె 17 దగ్గరికి దిగుతుంది. అయితే వెంటనే కాదు. వారానికి పదో వంతు చొప్పున మారిస్తే సగం దూరం దిగడానికే ఆరేడు వారాలు పడుతుంది. తొందరైతే మూడు వారాలు 25 శాతం చొప్పున మార్చండి. కొత్త నీటి ఉప్పదనం, వేడి పాత నీటితో సరిపోవాలి. గడ్డకట్టిన రొయ్య మేతను కరిగించి వలలో కడగమని అందరూ చెబుతారు. కడిగితే నష్టం లేదు గాని ఒరిగేది కొంచెమే, మేత తగ్గించడమే అసలు పని.

వెనిగర్ సంగతి. రంగు, రుచి కలపని 5 శాతం తెల్ల వెనిగరే వాడాలి. వంద లీటర్ల అసలు నీటికి రోజుకు 1 మిల్లీలీటరుతో మొదలుపెట్టండి. వారానికి 1 మిల్లీలీటరు చొప్పున పెంచండి. నైట్రేట్ దిగడం మొదలైన చోట ఆపి, అదే మోతాదు కొనసాగించండి. వంద లీటర్లకు 8 దాకా వెళ్లినా కదలిక లేకపోతే పెంచడం మాని, మేత మళ్లీ తూచండి. పోసేది దీపాలు వెలిగిన తరవాతే. తెల్లవారుజామున తొట్టి పీహెచ్ అన్నిటికంటే తక్కువగా ఉంటుంది, ఆ వేళ ఆమ్లం పోస్తే ఇంకా పడుతుంది. స్కిమ్మర్ నీరు తీసుకునే చోటికి దగ్గరగా పోయండి. వెనిగర్ తిని పెరిగే బ్యాక్టీరియా నత్రజనిని, ఫాస్ఫరస్‌ను ఒంట్లో దాచుకుంటుంది. దాన్ని నురగతో బయటికి లాగేది స్కిమ్మరే. అది లేని తొట్టిలో ఈ పని చెయ్యకండి. నీరు పాలలా తెల్లబడితే ఆ రోజు ఆపి, గాలి పెంచి, మర్నాటి నుంచి సగమే పోయండి. ఆ బ్యాక్టీరియా ప్రాణవాయువును లాగేస్తుంది. చేపలు పైకి వచ్చి నోరు తెరుస్తుంటే అదే కారణం.

ఫాస్ఫేట్ ఇంత తేలిగ్గా లొంగదు. పాత రాళ్లు, ఇసుక అంతా సున్నమే. ఇన్నాళ్లూ అవి ఫాస్ఫేట్‌ను పీల్చుకుని ఉంటాయి. నీటిలో తగ్గగానే రాళ్లు వదులుతాయి. ఐరన్ ఆక్సైడ్ గుళికలు (జీఎఫ్‌వో) పెడితే వారంలో తగ్గి, తీయగానే మళ్లీ పెరగడం ఇందుకే. సరుకు నకిలీదని షాపువాడితో గొడవపడకండి. ప్యాకెట్ మీద రాసినదాంట్లో పావు వంతే తీసుకుని, ఎర్రదుమ్ము పోయేదాకా ఆర్వో నీటితో కడిగి పెట్టండి. 0.3 నుంచి 0.1కి రావడానికి నెల పట్టినా పర్వాలేదు. రెండు రోజుల్లో దించితే పగడాలు కొసల నుంచి తెల్లబడి ఊడిపోతాయి. పగడాల తొట్టికి నైట్రేట్ 5 నుంచి 10, ఫాస్ఫేట్ 0.05 నుంచి 0.1 మధ్య ఉంటే చాలు. వట్టి చేపలే ఉంటే నైట్రేట్ 20 ఉన్నా భయం లేదు.

ప్రశ్న: మా తొట్టిలో నైట్రేట్, ఫాస్ఫేట్ రెండూ సున్నా. అయినా ఇసుక మీద గోధుమరంగు జిగురు, బుడగలతో దారాల్లా లేస్తోంది. పగడాలు పాలిపోయాయి. ఇంట్లో తాగే ఆర్వో నీటితోనే ఉప్పు కలుపుతున్నాం. జీఎఫ్‌వో, నాచు రెండూ పెట్టాం.
— ఒక పాఠకుడు, రాయగడ

జవాబు: సున్నా ఉన్నందుకే అది వచ్చి ఉంటుంది. లక్షణాలు డైనోఫ్లాజెల్లేట్లు అనే ఏకకణ జీవులవి. పోషకాలు అడుగంటి, పోటీపడే మామూలు నాచు, బ్యాక్టీరియా పస్తులుంటే ఇవి చోటు ఆక్రమిస్తాయి. జీఎఫ్‌వో ఈ రోజే తీసేయండి. నాచు ఉన్న అర మీద దీపం సగం గంటలకు తగ్గించండి. మేత కాస్త పెంచండి. అది చాలకపోతే నైట్రేట్ విడిగా పోయాలి. 13.7 గ్రాముల సోడియం నైట్రేట్‌ను ఆర్వో నీటిలో కరిగించి 100 మిల్లీలీటర్లు చేస్తే, ఆ ద్రావణం 1 మిల్లీలీటరు వంద లీటర్లలో నైట్రేట్‌ను 1 పీపీఎం పెంచుతుంది. రోజుకు అంతకు మించి పోయొద్దు, 5 వచ్చేదాకా రోజూ కొలవండి. ల్యాబ్ సామాను కొట్లో సీసా మీద పేరు రెండుసార్లు చదవండి. సోడియం నైట్రైట్ అన్నది వేరే సరుకు, విషం. ఫాస్ఫేట్‌కు ట్రైసోడియం ఫాస్ఫేట్ (డోడెకాహైడ్రేట్) 4 గ్రాములు లీటరు నీటిలో కలపండి. 1 మిల్లీలీటరుకు వంద లీటర్లలో 0.01 పెరుగుతుంది. ఫాస్ఫేట్‌ను రాళ్లు లాక్కుంటాయి కాబట్టి మొదట్లో పోసింది పోసినట్టు మాయమవుతుంది, కంగారు పడొద్దు.

ఇంటి ఆర్వో నీటిని టీడీఎస్ (నీటిలో కరిగిన లవణాలు) మీటరుతో చూడండి. మన ఇళ్లలో పెట్టే వాటికి రుచి కోసం కొంత పచ్చినీరు కలిపే చిన్న మర, ఖనిజాల కార్ట్రిడ్జి ఉంటాయి. అందుకే 50, 80 చూపిస్తుంది. తాగడానికి బాగుంటుంది, తొట్టికి 5 లోపు కావాలి. ఆర్వో పొర నుంచి నేరుగా వచ్చే గొట్టం నుంచి నీరు పట్టి, డీఐ రెజిన్ (మిగిలిన లవణాలను పట్టేసే గుళికలు) గుండా పంపించండి.

ప్రశ్న: సముద్రం మా ఇంటికి కిలోమీటరే. ఆ నీరే వాడుకోవచ్చా?
— ఒక పాఠకుడు, గోపాల్‌పూర్

జవాబు: మార్చి నుంచి మే దాకా వాడొచ్చు. వానలు మొదలయ్యాక రుషికుల్య నీరు, ఆపైన ఉత్తరం నుంచి తీరం వెంట దిగే నదుల నీరు కలిసి ఉప్పదనం పడిపోతుంది. రిఫ్రాక్టోమీటరును (ఉప్పదనం కొలిచే పరికరం) 35 పీపీటీ (వెయ్యికి 35 వంతులు) ప్రామాణిక ద్రావణంతో సరిచేసి కొలవండి. 28 చూపిస్తే లీటరుకు 7 గ్రాములకు కొంచెం పైగా అక్వేరియం ఉప్పు కలపాలి, వంట ఉప్పు కాదు. నది సముద్రంలో కలిసే చోటు, ఓడరేవు, రొయ్యల చెరువుల కాలువ ఉన్న వైపు తోడకండి. తెచ్చాక 10 లీటర్లకు 5 శాతం బ్లీచింగ్ ద్రావణం 2 మిల్లీలీటర్లు కలిపి 24 గంటలు గాలి కొట్టించండి. తరవాత సోడియం థయోసల్ఫేట్ 0.7 గ్రాములు వేసి, క్లోరిన్ పరీక్షలో పసుపు రంగు రాకపోతేనే వాడండి.

ప్రశ్న: ఫాస్ఫేట్ చూస్తే నా మీటరు 30 అని చూపిస్తోంది. స్నేహితుడి కిట్టు 0.09 అంటోంది. ఏది తప్పు?
— ఒక పాఠకుడు, జయపురం

జవాబు: రెండూ ఒప్పే. మీ మీటరు చూపేది ఫాస్ఫరస్, అదీ పీపీబీలో (పీపీఎంలో వెయ్యో వంతు). దాన్ని 3.066తో గుణించి వెయ్యితో భాగిస్తే ఫాస్ఫేట్ పీపీఎం వస్తుంది, అది 0.09. నైట్రేట్ కిట్లలోనూ ఇదే తిరకాసు. కొన్ని నత్రజనిగా చూపిస్తాయి, వాటిని 4.43తో గుణించాలి. మీటరు గాజు సీసా మీద వేలిముద్ర ఉన్నా, లోపల బుడగ ఉన్నా అంకె మారుతుంది. తుడిచి, రెండుసార్లు చూశాకే రాసుకోండి.