ఆర్ట్ థెరపీకి బొమ్మలు వేయడం ఒక్కటే చాలదు

ప్రశ్న: మాది ప్రొద్దుటూరు. మా అమ్మాయి కడపలో బీఎఫ్‌ఏ (లలిత కళల డిగ్రీ) రెండో సంవత్సరం చదువుతోంది. పీజీలో ఆర్ట్ థెరపీ చేస్తానంటోంది. ఇప్పటినుంచే ఏం చేయాలి? ఉద్యోగం దొరుకుతుందా?

జవాబు: మీ అమ్మాయి కోరిక మంచిదే గానీ, చాలామంది అనుకుంటున్నట్టు ఇది పిల్లలకు డ్రాయింగు నేర్పే పని కాదు, బొమ్మలు వేయించి మనసులోని బాధను బయటికి తెచ్చే చికిత్స. క్షయవ్యాధితో శానిటోరియంలో గడిపిన రోజుల్లో బొమ్మలు వేసుకుంటూ ఊరట పొందిన బ్రిటిష్ చిత్రకారుడు ఏడ్రియన్ హిల్ 1942లో ఆర్ట్ థెరపీ అన్న పేరును వాడుకలోకి తెచ్చారు. ఆ తర్వాత ఇది మనస్తత్వశాస్త్రంతో ముడిపడిన చికిత్సా విధానంగా ఎదిగింది.

అందుకే మీ అమ్మాయికి ఇప్పుడున్న లోటు చిత్రకళలో కాదు, సైకాలజీలో. అమెరికాలో ఈ వృత్తికి మాస్టర్స్ డిగ్రీ కావాలి. ఆ కోర్సుల్లో చేరేవారు సాధారణంగా చిత్రకళతో పాటు సైకాలజీ సబ్జెక్టులు కూడా చదివి ఉండాలని, తాము వేసిన బొమ్మల పోర్ట్‌ఫోలియో చూపించాలని అడుగుతారు. బ్రిటన్‌లో అయితే చట్టబద్ధమైన రిజిస్టరులో పేరున్నవారే ఆర్ట్ థెరపిస్టునని చెప్పుకోవాలి. ఇదివరకు ఏ డిగ్రీ ఉన్నా ఇగ్నోలో దూరవిద్య ద్వారా ఎంఏ సైకాలజీ చేసే వీలుండేది, 2025లో యూజీసీ దూరవిద్యలో సైకాలజీ కోర్సుల కొత్త ప్రవేశాలను ఆపేసింది. కాబట్టి బీఎఫ్‌ఏ అయ్యాక కాలేజీకి వెళ్లి చదివే సైకాలజీ కోర్సే చూసుకోవాలి. ఆర్ట్ థెరపీ పేరుతో నడిపే మూడు నెలల సర్టిఫికెట్ కోర్సుకు వేలకు వేలు కట్టే ముందు మాత్రం ఒక్కసారి ఆలోచించండి. అలాంటి కాగితంతో క్లినికల్ సైకాలజిస్టు కాలేరు, ఆ హోదాకు కేంద్ర ప్రభుత్వ సంస్థ అయిన రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా గుర్తించిన చదువు, రిజిస్ట్రేషన్ తప్పనిసరి.

చదువు కంటే ముందు ఆమె అలవరచుకోవలసింది వినడం. ఒక పిల్లవాడు కాగితమంతా నల్ల క్రేయానుతో నింపాడనుకోండి. నలుపు కనబడగానే దిగులని తేల్చేస్తే తప్పు. డబ్బాలో విరగకుండా మిగిలింది ఆ ఒక్క క్రేయానే కావచ్చు, లేదా వాడు కరెంటు పోయిన రాత్రిని వేసి ఉండవచ్చు. "దీని గురించి నాకు చెప్తావా?" అని అడిగి, వాడు చెప్పేదాకా పక్కన ఓపికగా కూర్చోగలగడమే ఈ పనిలో అసలైన నేర్పు, అది పుస్తకాలతో కాక అనుభవజ్ఞుల పర్యవేక్షణలో పనిచేస్తేనే వస్తుంది.

ఉద్యోగం విషయం దాచకుండా చెబుతాను. మన జిల్లాల్లో ఆర్ట్ థెరపిస్టు కావాలంటూ ప్రకటనలు రావడం అరుదు. కౌన్సెలర్‌గానో, ప్రత్యేక అవసరాల పిల్లల బడిలో టీచరుగానో చేరి, అక్కడ ఈ పద్ధతిని వాడేవారే ఎక్కువ. కాబట్టి సైకాలజీ డిగ్రీ ఆమెకు అన్నం పెడుతుంది, ఆర్ట్ థెరపీ ఆ పనికి ప్రత్యేకత తెస్తుంది. విదేశీ కోర్సు కోసం పొలం తాకట్టు పెట్టే ఆలోచన ఉంటే, ఆమె ఇక్కడ కనీసం ఒక ఏడాది పని చేసేవరకు ఆగండి.

ఈ వేసవి సెలవుల్లో దగ్గరలోని ప్రత్యేక పాఠశాలలో అనుమతి తీసుకుని వారానికి రెండు రోజులు సాయం చేయమనండి. పిల్లల పేర్లు, ఫోటోలు లేకుండా, ఆ రోజు తాను ఏం చూసిందో, ఎక్కడ తొందరపడిందో సాయంత్రం నోటుబుక్కులో రాసుకోమనండి. రేపు పీజీ ఇంటర్వ్యూలో ఆమె మాట్లాడవలసింది ఆ పేజీల గురించే.