పరాయి పిల్లకు పని, సొంత పిల్లకు పెళ్లిచూపులు

గాజువాక నుంచి ఒక వెల్డింగ్ ఫోర్‌మన్ రాసిన ఉత్తరంలోని ముఖ్య విషయం ఇది: “మా నాన్న విశాఖలో ఓడలు కట్టే సింధియా యార్డులో పనిచేశారు. నేనూ ఓడల మరమ్మతు పనిలోనే స్థిరపడ్డాను. వచ్చే మార్చిలో రిటైర్మెంట్. ఈ పని మాతోనే పోతుందని దిగులుగా ఉండేది. కిందటేడు ఐటీఐ నుంచి ఒక అమ్మాయి అప్రెంటిస్‌గా వచ్చింది. తనకు నేర్పుతుంటే మళ్లీ ఆశ పుట్టింది. రెండేళ్లు ట్రైనర్‌గా ఉండమని కంపెనీ అడుగుతోంది. ఇక చాలు, ఇంటిపట్టున ఉండమని మా ఆవిడ అంటోంది. ఏం చేయమంటారు? మా అమ్మాయి కంచరపాలెంలో మెకానికల్ డిప్లొమా చేసింది. ఆడపిల్లకు వర్క్‌షాపు ఉద్యోగమెందుకని నేనే పంపలేదు. మూడేళ్లుగా సంబంధాలు చూస్తున్నాం. నాతో సరిగా మాట్లాడదు. అదొక బెంగ.”

అయ్యా, అడిగినదానికి జవాబు ఒక్క ముక్కలో చెబుతాను: ఉండండి. ఒంట్లో ఓపిక ఉంది, నేర్పమని అడిగేవాళ్లున్నారు. జీతం, పనిగంటలు కాగితం మీద రాయించుకోండి. మీ ఆవిడను అన్నవరం, తిరుపతి ఎప్పుడు తీసుకెళ్తారో ఇప్పుడే మాటివ్వండి. ఆ సంగతి అంతే.

నన్ను కలవరపెట్టింది ఉత్తరం చివర మీరు “అదొక బెంగ” అని తేల్చేసిన విషయం.

ఆ అప్రెంటిస్ అమ్మాయి గురించి పేజీన్నర రాశారు. రాడ్లు ఓవెన్‌లో ఆరబెట్టకుండా వాడితే తేమకు జాయింటులో బుడగలొస్తాయని, పగుళ్లూ రావచ్చని ఎలా చెప్పారో రాశారు. రూట్ రన్, అంటే జాయింటు అడుగున వేసే మొదటి వరస వెల్డింగ్, కుదరక కళ్లనీళ్లు పెట్టుకుంటే పక్కనే కూర్చుని, మోచెయ్యి ఎక్కడ ఆనించాలో చూపించారు. చెడిన వెల్డ్‌ను గ్రైండ్ చేయించి, ఒక్క మాట అనకుండా మళ్లీ వేయించారు. కన్నకూతురి గురించి రాసింది నాలుగైదు ముక్కలు.

ఆడపిల్లకెందుకని ఆ అప్రెంటిస్ తండ్రి కూడా అనుకుని ఉంటే, మీకీ ఆశ ఎక్కణ్ణుంచి వచ్చేది?

మీ నాన్నగారు పనిచేసిన ఆ సింధియా యార్డులోనే 1948లో ‘జల ఉష’ అనే ఓడను నెహ్రూ నీళ్లలోకి దింపారు. అంతటి ఓడ కట్టే పని ఈ ఊరివాళ్లకు పుట్టుకతో రాలేదు. పక్కవాడి చెయ్యి చూసి నేర్చుకున్నారు. మీ నాన్నగారు మిమ్మల్ని వెంటబెట్టుకెళ్లి ఆ పనిలో పెట్టారు. మీ వంతు వచ్చేసరికి బిడ్డను గుమ్మం దగ్గరే ఆపేశారు. రోజూ ఇంటికొచ్చి ఆ అప్రెంటిస్ పనితనం మెచ్చుకుంటానని మీరే రాశారు. ఆ మెప్పు వింటున్నదెవరు? మెషిన్ డ్రాయింగ్ చదివి, డిప్లొమా చేతపట్టుకుని ఇంట్లో కూర్చున్న పిల్ల. ఆమె మౌనం పెళ్లి కుదరక పడుతున్న దిగులని మీరనుకుంటున్నట్టున్నారు. నాకలా అనిపించడం లేదు. ఆమెకు తగిలింది అవమానం.

పెళ్లివారు ఏమంటారోనన్న భయం మీకుంటుంది, తెలుసు. అయినా గట్టిగానే చెబుతాను: పెళ్లికి ముందు తండ్రి కూతురికి అమర్చాల్సింది తన సంపాదన మీద తాను బతికే దారి. దాన్ని తప్పుపట్టే సంబంధం తప్పిపోతే పోనివ్వండి.

ముందు ఆమెను కూర్చోబెట్టి, “నిన్ను ఆపడం నా తప్పు” అనండి. మీ ఆవిడ చేత చెప్పించకండి, మీరే చెప్పండి. వెంటనే కరిగిపోతుందని ఆశించకండి. మూడేళ్ల కోపం అది, నాలుగు మాటలంటే పడండి. డిప్లొమా వాళ్లకు ఏడాది టెక్నీషియన్ అప్రెంటిస్‌షిప్ ఉంటుంది, స్టైపెండ్ ఇస్తారు. పాసై మరీ ఎక్కువ ఏళ్లయితే తీసుకోరు కాబట్టి నాన్చకండి. అచ్యుతాపురం, దువ్వాడ వైపు కంపెనీల్లో వాకబు చేయండి. మీ షాపులో మాత్రం వద్దు. ఇంట్లో నాన్న, పనిలో ఫోర్‌మన్ ఒకరే అయితే ఆ పిల్లకు ఊపిరాడదు.

ఇన్నాళ్లయ్యాక వర్క్‌షాపు తనకు వద్దని, బ్యాంకు పరీక్షలే రాస్తానని అంటే ఒప్పుకోండి. ఆమె ఏం చేయాలో ఈసారి ఆమె చెబుతుంది. అప్పటిదాకా మధ్యవర్తికి ఫోన్ చేసి, కొత్త సంబంధాలేవీ తేవద్దని చెప్పండి.