సెయింట్ జాన్స్ వెళ్తున్న మేనకోడలికి

చిరంజీవి సౌమ్యకి మామయ్య ఆశీస్సులు.

కెనడాలోని న్యూఫౌండ్‌లాండ్‌లో ఉపగ్రహాల రాడార్ చిత్రాలు చూసి సముద్రపు మంచు పటాలు గీసే పనిలో చేరుతున్నావని అమ్మ ఫోన్‌లో చెప్పింది. సంతోషంతో కాసేపు నోట మాట రాలేదు. ఆ వెంటనే టెన్షన్ మొదలైంది. నువ్వు గీసిన గీతను నమ్మి ఓడలు నడుస్తాయి తల్లీ. 1912లో టైటానిక్ మునిగింది ఆ తీరానికి ఆగ్నేయంగానే. గ్రీన్‌లాండ్ హిమానీనదాల నుంచి విరిగిపడ్డ మంచుకొండలు లాబ్రడార్ ప్రవాహంలో పడి ఇప్పటికీ ఏటా అటే దిగి వస్తాయి.

సాఫ్ట్‌వేర్ సంగతి నీకు నేను చెప్పక్కర్లేదు. చలికోటు, గ్లౌజులు అక్కడే కొనుక్కో.

ఒక్క విషయం మాత్రం కూర్చోబెట్టి చెప్పాలి. రాడార్ చిత్రంలో నల్లగా కనబడిందల్లా నీళ్లు కాదు. తడిసిన నల్లబండ మీద ఏటవాలుగా టార్చి వేస్తే వెలుగు అటే జారిపోతుంది, మన కంటికి తిరిగి రాదు. రాడార్ కిరణమూ అంతే. గాలి లేనప్పుడు నీళ్లు నల్లగా ఉంటాయి, నున్నటి మంచూ నల్లగానే ఉంటుంది. గాలి లేచిందంటే అవే నీళ్లు తెల్లబడి మంచులా కనిపిస్తాయి.

అంటార్కిటికాలో మన భారతి స్టేషన్ వైపు వెళ్తున్న ఓడలో ఇది కళ్లారా చూశాను. నా పక్కన కూర్చున్నాయన పనిమంతుడే, కానీ ఆ రాత్రి తొందరలో ఉన్నాడు. తీరం దాకా సాగిన నల్లటి పట్టీని చూసి దారి దొరికిందన్నాడు. ముందురోజు చిత్రం తీసి పక్కన పెట్టుకోలేదు, గాలి ఎటు వీస్తోందో అడగలేదు. తెల్లారేసరికి ఓడ ముక్కు గరగరమని రాసుకుంటూ ఆగిపోయింది. మెస్‌లో బల్లల మీద స్టీలు గ్లాసులు వణికాయి. పైకెళ్లి చూస్తే ఎదురుగా కళ్లు చెదిరే తెల్లటి మైదానం! తీరానికి అతుక్కుని గట్టిపడ్డ, గీత కూడా లేని నున్నటి మంచు అది. తెర మీద మాత్రం కాటుకలా నల్లగా ఉంది. వెనక్కి తిరిగి వేరే దారి వెతకడానికి ఎంత డీజిల్ తగలబడిందో! ఎవరికీ ఏమీ కాలేదు కాబట్టి దాన్ని అందరూ మర్చిపోయారు. నాకు మాత్రం ఇవాళ్టికీ కోపమే.

అందుకే ఒక్క చిత్రంతో ఎప్పుడూ తేల్చెయ్యకు. రెండో పోలరైజేషన్ చిత్రమూ, అంటే పంపిన దానికి అడ్డంగా ఊగుతూ తిరిగొచ్చిన తరంగంతో తీసిందీ చూడు, అందులో గాలి గోల తక్కువ. తెల్లచుక్క కనిపిస్తే అది మంచుకొండా ఓడా అన్నది ఏఐఎస్‌తో, అంటే ఓడలు తామెక్కడున్నామో రేడియోలో చెప్పే సంకేతాలతో సరిపోల్చుకో. పటం మీద చిత్రం తీసిన టైమ్ తప్పకుండా వెయ్యి. నువ్వు పంపేలోపే మంచు కదిలిపోతుంది.

చిన్న ముక్కలంటేనే నాకు ఎక్కువ భయం. కారంత ఉండి, నీటిపైకి మీటరు కూడా తేలని ముక్కలు అలల్లో కలిసిపోతాయి. ఉపగ్రహానికే కాదు, ఓడ రాడార్‌కూ దొరకవు. 1959 జనవరి 30న హన్స్ హెడ్‌టాఫ్ట్ అనే కొత్త డెన్మార్క్ ఓడ, తొలి ప్రయాణం ముగించుకుని తిరిగి వస్తూ, గ్రీన్‌లాండ్ దక్షిణ కొన దగ్గర మంచుకొండను గుద్దుకుని 95 మందితో మునిగిపోయింది. తర్వాత దొరికింది నీళ్లలో పట్టుకుని తేలే రక్షణ చక్రం (లైఫ్‌బాయ్) ఒక్కటే. కాబట్టి నువ్వు చూడలేకపోయిన చోట ‘కనిపించలేదు’ అనే రాయి, ‘లేదు’ అని రాయకు. పైవాళ్లు ఎంత తొందరపెట్టినా సరే. ఈ విషయంలో నువ్వు మెత్తబడ్డావని వింటే నేను ఊరుకోను.

అలాగని భయపడకు. చిన్నప్పుడు మబ్బుల్లో ఏనుగునీ గుర్రాన్నీ మాకంటే ముందు పట్టేసేదానివి, నీ కన్ను మంచిది.

2025 జూలైలో మన శ్రీహరికోట నుంచి నిసార్ రాడార్ ఉపగ్రహం వెళ్లింది కదా. దాని ఎల్-బ్యాండ్ రాడార్ తరంగం పొడవు 24 సెంటీమీటర్లు, యూరప్ వాళ్ల రాడార్ ఉపగ్రహం సెంటినల్-1ది ఐదున్నర చిల్లర. వేసవిలో పైమంచు తడిసినప్పుడు పొట్టి తరంగం అక్కడే ఇంకిపోతుంది. ఒకే చోటివి, ఒకే వారంవి రెండు చిత్రాలూ పక్కపక్కన పెట్టి చూసి, ఏది ఎక్కడ తేడాగా ఉందో నాకు రాసి పంపు. అక్కడ సాయంత్రం అయితే మనకు అర్ధరాత్రి దాటుతుంది, అయినా ఫోన్ చెయ్యి. నేను మెలకువగానే ఉంటాను.

మీ మామయ్య