ఫోన్ లాక్కుంటే కంచం విసిరికొట్టాడు

ప్రశ్న: మాది తిరుపతి, కొర్లగుంట. నేను గాంధీ రోడ్డులో ఒక బట్టల షాపులో పనిచేస్తాను. ఇంటికొచ్చేసరికి రాత్రి ఎనిమిదిన్నర అవుతుంది. మా ఆయన టాక్సీ నడుపుతాడు. కొండకు పోయేవాళ్లను దించి ఇల్లు చేరేసరికి పదకొండు దాటుతుంది. బాబుకు 13 ఏళ్లు, ఎనిమిదో తరగతి. ఆరో తరగతి దాకా బాగానే చదివేవాడు. మొన్న లెక్కల యూనిట్ టెస్టులో 25కి 9 వచ్చాయి. నాలుగుంబావుకు బడి నుంచి వచ్చింది మొదలు మా ఆయన పాత ఫోనే వాడి లోకం. ఫోన్ చేతిలో ఉంటే గాని ముద్ద మింగడని వాళ్ల అవ్వ ఇచ్చేస్తుంది. పోయిన వారం నేను లాక్కుంటే కంచం విసిరికొట్టాడు. హాస్టల్లో వేసేద్దాం అంటాడు మా ఆయన. ట్యూషన్ పెట్టించమంటాడు మా అన్న. చదువుకోవడానికి ట్యాబ్ కొనివ్వమంటాడు బాబు. నాకేమీ పాలుపోవడం లేదు. వాడి జవాబు పత్రం ఫొటోలు పంపుతున్నాను.
– ఒక తల్లి

జవాబు: అమ్మా, జవాబు పత్రం పంపి మంచిపని చేశారు. దాంతోనే మొదలుపెడదాం.

‘ఒక సంఖ్యను 3 రెట్లు చేసి 7 తీసేస్తే 11 వస్తుంది, ఆ సంఖ్య ఎంత?’ అన్న లెక్క చూడండి. సమీకరణం సరిగ్గానే రాశాడు. మైనస్ 7ను సమాన గుర్తుకు అవతలికి తీసుకెళ్లాడు గాని గుర్తు మార్చలేదు. 18 రావలసిన చోట 4 వచ్చింది. దాని కింద మూడు లెక్కల్లోనూ అదే తప్పు. ఆ తర్వాత భిన్నాలున్న రెండు లెక్కలను అసలు ముట్టుకోలేదు. ఇవి ఏడో తరగతిలో పూర్ణసంఖ్యలు, భిన్నాలు, సామాన్య సమీకరణాలు చెప్పినప్పుడు పట్టుబడాల్సిన సంగతులు. అప్పుడే ఎక్కడో జారిపోయాయి. ఇప్పుడు క్లాసులో సార్ బోర్డు మీద వేసే ప్రతి లెక్కా వాడికి మూడో మెట్టు దగ్గర తెగిపోతుంది. ఇంటికొచ్చి అదే పుస్తకం తెరవాలంటే ఏ పిల్లవాడికైనా గుబులుగానే ఉంటుంది. ఫోన్ తెరిస్తే ఆ గుబులు ఉండదు. ఫోన్ వల్ల మార్కులు తగ్గాయన్నది సగం నిజం. మార్కులు తగ్గడం వల్ల వాడు ఫోన్లోకి ఇంకా లోతుగా పోయాడన్నది మిగతా సగం. ఒక్కదాన్నే పట్టుకుంటే రెండూ తిరగబెడతాయి.

తెర ముందు గడిపే సమయానికీ మార్కులకూ ఉన్న సంబంధంపై వచ్చిన 58 అధ్యయనాలను కలిపి పరిశీలించి 2019లో జామా పీడియాట్రిక్స్ అనే పిల్లల వైద్య పత్రికలో ఒక వ్యాసం వేశారు. మొత్తం గంటలకూ మార్కులకూ స్పష్టమైన సంబంధం కనబడలేదు. టీవీ, వీడియో గేమ్‌ల సమయం పెరిగినవాళ్లలో మాత్రం చదువు తగ్గింది. కాబట్టి ‘రోజుకెన్ని గంటలు?’ అని అడిగి ఆగిపోకండి. ఆ గంటలు దేన్ని తినేస్తున్నాయో చూడాలి.

లెక్క వేద్దాం. ఎనిమిదింబావుకు బయలుదేరి నాలుగుంబావుకు వస్తే బడికి 8 గంటలు. నిద్రకు 9. స్నానం, తిండి, తయారవడం అన్నిటికీ రెండున్నర. చదువుకు గంటన్నర. మిగిలేది 3 గంటలు. అందులో ఒక గంట ఆడుకోవాలి. 5 నుంచి 17 ఏళ్లవాళ్లు సగటున రోజుకు 60 నిమిషాలు ఒళ్లు అలిసేలా కదలాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఒక గంట ఇంట్లోవాళ్లతో. ఇంక ఫోన్‌కు ఒక గంట. మీ బాబు నాలుగుంబావు నుంచి ఎనిమిదిన్నర దాకా, మళ్లీ నాన్న వచ్చేదాకా ఫోన్ పట్టుకుంటే ఆ అదనపు గంటలు ఆట నుంచీ చదువు నుంచీ నిద్ర నుంచీ రావాల్సిందే. వేరే చోటు లేదు.

అందుకని ముందు నిద్ర. చదువు సంగతి తర్వాత.

13 ఏళ్ల పిల్లలకు 8 నుంచి 10 గంటల నిద్ర కావాలి. పగలు నేర్చుకున్నది మెదడులో గట్టిపడేది చాలావరకు ఆ నిద్రలోనే. మీ వాడు నాన్న కోసం పదకొండు దాకా మేలుకుని ఉంటున్నాడని నా ఊహ. అది మొండితనం అనుకోకండి. రోజంతటిలో నాన్న కనబడేది ఆ ఒక్కసారే. ఆ ఎదురుచూపు వాడి చేతిలో ఫోన్‌తో గడుస్తోంది. నిద్రవేళను ఒక్కసారిగా పదకొండున్నర నుంచి తొమ్మిదిముప్పావుకు లాగితే చీకట్లో కళ్లు తెరుచుకుని పడుకుంటాడు, మూడో రోజు మీరే వదిలేస్తారు. రెండు రోజులకోసారి 15 నిమిషాల చొప్పున ముందుకు జరపండి. ఏడు మెట్లు, రెండు వారాలు. పొద్దున ఆరున్నరకు మాత్రం మొదటి రోజు నుంచే లేపాలి, ఆదివారం కూడా మహా అయితే ఏడున్నర. రాత్రి నిద్ర ముందుకు రావాలంటే పొద్దున లేవడం కదలకూడదు.

ఫోన్‌ల ఛార్జర్లన్నీ హాల్లో ఒకే చోట పెట్టండి. తొమ్మిదికి పాత ఫోన్, మీ ఫోన్ రెండూ అక్కడికి చేరాలి. అలారం కోసం ఫోన్ కావాలంటాడు. ఒక చిన్న అలారం గడియారం కొనిస్తే ఆ వంక తీరుతుంది. మీ ఆయనకు గిరాకీ ఫోన్లు వస్తాయి కాబట్టి ఆయన ఫోన్ మోగేలా ఉండొచ్చు, కానీ పడుకుని రీల్స్ చూడటం మాత్రం ఆయనకూ కుదరదు. పెద్దవాళ్లకు వర్తించని నియమాన్ని 13 ఏళ్లవాడు వారం కూడా పాటించడు.

ఇక సాయంత్రం. మీ అత్తగారిని తప్పుపట్టకండి. ఈ వయసులో నాలుగు గంటలు ఒక మగపిల్లవాడిని ఒంటరిగా సముదాయించడం ఆమెకు సులువేమీ కాదు. మనవడు తినలేదంటే ఆమె మనసు ఒప్పదు. ఆమెను కాపలా పెట్టకుండా ఆమెకొక పని ఇవ్వండి. వాడు ఆకలితో వచ్చే నాలుగుంబావుకు ఉడికించిన చెనిక్కాయలో, పొద్దున మిగిలిన ఇడ్లీలో ఎదురుగా ఉండాలి. తిన్న వెంటనే అయిదున్నర దాకా వీధిలోకి, పిలకాయలు ఆడుకునే చోటికి. తిరిగొచ్చాక పది నిమిషాలు అవ్వకు పేపరు పైకి చదివి వినిపించాలి. చూపు ఆనని అవ్వకు కబుర్లు తెలుస్తాయి, వాడికి తెలుగు తడబడకుండా చదవడం వస్తుంది. ఆరు నుంచి ఏడున్నర చదువు. ఏడున్నర నుంచి ఎనిమిదిన్నర ఫోన్, వాడి హక్కుగా. ‘బాగా చదివితే ఇస్తా’ అని దాన్ని బహుమతి చేయకండి. బహుమతి అయిందంటే దాని విలువ పెరుగుతుంది, రోజూ బేరం మొదలవుతుంది. హోంవర్కు స్కూల్ వాట్సాప్ గ్రూపులో వస్తుందా? అయితే షాపులో ఉన్నప్పుడే మీరు చూసి, ఆరు గంటలకు అత్తగారి ఫోన్‌కు కాల్ చేసి చెప్పండి, వాడు డైరీలో రాసుకుంటాడు. ‘హోంవర్కు చూసుకుంటున్నా’ అంటూ ఫోన్ తెరిచిన చోటే సగం సాయంత్రాలు మునిగిపోతాయి.

రాత్రి అన్నం మీరు వచ్చాక, ముగ్గురూ కలిసి, ఫోన్ లేకుండా. మొదటి మూడు నాలుగు రోజులు రెండు ముద్దలు తిని లేచిపోవచ్చు. పోనివ్వండి, బతిమాలొద్దు. ఆరోగ్యంగా ఉన్న పిల్లవాడు రెండు పూటలు తక్కువ తిన్నంత మాత్రాన ఏమీ కాదు, మూడో పూటకు ఆకలే లాక్కొస్తుంది. ఈ సంగతి అత్తగారికి ముందే చెప్పి ఒప్పించండి. లేకపోతే రెండో రోజే ఆమె గుండె కరిగిపోతుంది.

కంచం విసిరిన రోజు ఏం జరిగి ఉంటుందో చెప్తాను. పిల్లలు ఆడే ఆన్‌లైన్ ఆటల్లో జట్టుగా ఆడేవి చాలా ఉన్నాయి. ఒక్కో మ్యాచ్ పదో ఇరవయ్యో నిమిషాలు, కొన్నిట్లో అరగంట. మధ్యలో వదిలేస్తే జట్టు ఓడిపోవచ్చు, అవతల ఫ్రెండ్స్ తిడతారు. ఆ క్షణంలో ఫోన్ లాగడమంటే గల్లీ క్రికెట్‌లో ఆఖరి ఓవర్లో బ్యాటు లాక్కున్నట్టు. విసరడం తప్పే. అన్నం తుడిచి ఆ చోటు శుభ్రం చేయాల్సింది వాడే, ఆ మాట కోపం చల్లారాక గట్టిగా చెప్పండి. నియమం మాత్రం గడియారంతో కాకుండా మ్యాచ్‌ల లెక్కన పెట్టండి. మ్యాచ్ ఎంతసేపో వాడినే అడిగి, ఆ గంటలో ఎన్ని పడతాయో మొదలుపెట్టకముందే తేల్చుకోండి. ‘ఇది ఆఖరిది’ అని వాడి నోటితోనే అనిపించండి.

షార్ట్స్ సంగతి వేరు. వాటికి చివర అంటూ లేదు, కాబట్టి ఆగే చోటు మనమే పెట్టాలి. పాత ఫోన్‌లో యూట్యూబ్ సెట్టింగ్స్‌లోకి వెళ్లి, చూసినవాటి హిస్టరీ మొత్తం చెరిపేసి, హిస్టరీ నమోదును ఆపేయండి. తర్వాత యాప్ తెరిస్తే ముందు పేజీలో రంగురంగుల వీడియోలు వరుస కట్టవు, దాదాపు ఖాళీగా ఉంటుంది. ఏం కావాలో వెతుక్కుని చూడాల్సిందే. ఆటోప్లే కూడా ఆపండి. ఆండ్రాయిడ్ ఫోన్ అయితే సెట్టింగ్స్‌లో డిజిటల్ వెల్‌బీయింగ్ అని ఉంటుంది. ఏ యాప్‌లో ఎన్ని నిమిషాలు గడిచాయో, ఫోన్ ఎన్నిసార్లు తెరిచారో అందులో కనిపిస్తుంది. ఒక ఆదివారం వాడి పక్కన కూర్చుని, ముందు మీ ఫోన్‌లో మీ లెక్క తెరిచి చూపించండి, తర్వాత వాడిది చూడండి. యాప్ టైమర్లూ అక్కడే పెట్టొచ్చు. ఈ వయసువాడికి వాటిని తీసేయడం అరనిమిషం పని, అందుకే వాటిమీద భారం వేయకండి. ఆ ఫోన్‌లో యూపీఐ యాప్, మీ బ్యాంకు ఖాతాకు ఇచ్చిన ఫోన్ నంబరు సిమ్ లేకుండా చూసుకోండి. డబ్బులు పోయిన ఇళ్లలో చాలాసార్లు దారి ఇదే.

ఇప్పుడు మీ వంతు గురించి. ‘నేను టెన్త్ వరకే, ఎనిమిదో తరగతి లెక్కలు నేనేం చెప్తాను’ అని మీలాంటి తల్లులు వెనక్కి తగ్గుతారు. మీరు పాఠం చెప్పనక్కర్లేదు. ఆరు నుంచి ఎనిమిదో తరగతి వయసు పిల్లల మీద వచ్చిన పరిశోధనలను 2009లో హిల్, టైసన్ అనే ఇద్దరు కలిపి చూశారు. పక్కన కూర్చుని హోంవర్కు చేయించడం వల్ల లాభం నిలకడగా కనబడలేదు. చదువు ఎందుకో మాట్లాడటం, ముందు ఏం చదవాలనుందో అడగడం, నీ మీద మాకు ఆశ ఉందని చెప్పడం, ఇవే చదువుతో ఎక్కువ ముడిపడి కనిపించాయి. ‘మార్కులెన్ని?’ అని అడిగితే ఒక అంకె వస్తుంది, మాట అక్కడితో తెగిపోతుంది. ‘ఈరోజు లెక్కల్లో ఏం మొదలుపెట్టారు? ఎక్కడ అర్థం కాలేదు?’ అని అడగండి.

ఒక్క పని మాత్రం మీరు చేయగలరు. రోజూ పదిహేను నిమిషాలు, ఏడో తరగతి పుస్తకం లోంచి సమీకరణాల లెక్కలు అయిదు. పాత పుస్తకం లేకపోతే పక్కింటి పిల్లల దగ్గర దొరుకుతుంది. జవాబు తప్పో ఒప్పో మీకు తెలియాల్సిన పని లేదు. ‘వచ్చిన సంఖ్యను లెక్కలో పెట్టి చూపించు’ అనండి చాలు. 6 వచ్చిందంటే మూడు ఆర్లు పద్దెనిమిది, ఏడు తీస్తే పదకొండు, సరిపోయింది. సరిపోకపోతే తప్పు వాడికే దొరుకుతుంది. అమ్మ పట్టుకున్న తప్పుకు కోపం వస్తుంది, తనే పట్టుకున్న తప్పుకు రాదు. ఇది రెండు మూడు వారాలు సాగాక భిన్నాలు పట్టుకోండి.

లెక్కల సారును ఒకసారి కలవండి, పది నిమిషాలు అడిగి తీసుకోండి. ‘మా వాడెలా ఉన్నాడు?’ అని అడిగితే ‘ఫరవాలేదు, ఇంకా చదవాలి’ అనే జవాబే వస్తుంది. జవాబు పత్రం ముందు పెట్టి, గుర్తు మార్చడంలో, భిన్నాల్లో వెనకబడ్డాడు, కిందటి తరగతివి ఏ అభ్యాసాలు చేయించాలో చెప్పండి అని అడగండి. క్లాసులో ఎక్కడ కూర్చుంటాడు, బోర్డు సరిగ్గా కనిపిస్తోందా అన్నదీ కనుక్కోండి. ఈ వయసులో కళ్లద్దాలు అవసరమై కూడా చెప్పని పిల్లలున్నారు. ఒకసారి కంటి పరీక్ష చేయిస్తే నష్టం లేదు.

మీ ఆయనతో గట్టిగా మాట్లాడాల్సింది ఒకటుంది. వాడు పెందలాడే పడుకుంటే నాన్న కనబడకుండా పోతాడు. ఆ లోటు పూడ్చకపోతే ఈ ఏర్పాటు నిలవదు. పొద్దున బడికి దించే పని ఆయన తీసుకోవాలి, ఆ ఇరవై నిమిషాల్లో చదువు ఊసెత్తకుండా. రాత్రి ఎనిమిదిన్నర ప్రాంతంలో ఎక్కడ బండి ఆపుకుని ఉన్నా అయిదు నిమిషాలు వాడికి ఫోన్ చేయాలి. నెలకు ఒక ఆదివారం బండి పక్కన పెట్టి అలిపిరి మెట్ల మీద గాలిగోపురం దాకా నడిచి రండి, లేదంటే సైన్స్ సెంటర్‌కు తీసుకెళ్లండి.

మొదటి పది రోజులు పరిస్థితి ఇప్పటికంటే ఘోరంగా ఉంటుంది. అరుస్తాడు, మాట్లాడడు, ‘అందరి ఇళ్లలో ఇస్తారు’ అంటాడు. అయిదో రోజు ఆ గొడవ భరించలేక ఇచ్చేశారనుకోండి, అయిదు రోజులు అరిస్తే దొరుకుతుందని నేర్చుకుంటాడు. ముందుగా ముగ్గురు పెద్దలూ వాడు లేనప్పుడు కూర్చుని ఒక మాట మీదికి రండి. అది కుదిరే వరకు మొదలుపెట్టొద్దు. ఒకరోజు తప్పితే తప్పింది, మర్నాడు మళ్లీ అదే వేళకు.

హాస్టల్ ఆలోచన ఇప్పుడు వద్దు. లెక్కల్లో జారిన మెట్టు హాస్టల్లోనూ జారే ఉంటుంది. పైగా నాన్నను మరీ దూరం చేస్తున్నారని వాడనుకుంటాడు. ట్యూషన్ గురించి నెల తర్వాత చూడండి. అప్పుడు కూడా ఏడో తరగతి లెక్కల నుంచి మొదలుపెట్టి చెప్పేవాళ్లయితేనే, రాత్రి ఏడున్నర లోపు వదిలేస్తేనే.

బడికి పోనని భీష్మించుకోవడం, వారాల తరబడి రాత్రుళ్లు నిద్ర లేకపోవడం, ఇంట్లో డబ్బు మాయమవడం, చేయి చేసుకోవడం, లేదా చచ్చిపోతానన్న మాట ఒక్కసారి వాడి నోట వచ్చినా, ఈ ఏర్పాట్లతో కాలయాపన చేయొద్దు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడతారు. మీ తిరుపతి రుయా ఆసుపత్రిలో మానసిక వైద్యులు ఉన్నారు.

ట్యాబ్ అడుగుతున్నాడు కదా, కొనొద్దు. ‘చదువుకు వీడియో కావాల్సినప్పుడు చెప్పు, నా ఫోన్‌లో హాల్లో కూర్చుని చూద్దాం’ అనండి. ఏ పాఠమో ముందే కాగితం మీద రాసుకుని రమ్మనండి. చూడటం అయ్యాక పుస్తకంలో రెండు లెక్కలు చేయించండి.